మంటకు కాపిన పలక

గుండ్లకమ్మకు వరదొచ్చి, వంతెన మీద మోకాటిలోతు నీళ్ళు పారి, మార్కాపురం బస్సు మూడు దినాలు పల్లెకు రాని ఏడు. ఆ ఏడే లీదియా డాక్టరు కావాల్సి ఉండె. సూది వేసే డాక్టరు కాదు. ఇంగ్లీషు డాక్టరు. ఎవరో రాసిన పుస్తకం ఒకటి తీసుకొని, దాన్ని గురించి దానికి మూడింతల లావు పుస్తకం ఇంకొకటి రాస్తే ఇచ్చే డాక్టరు.

ఈ సంగతి అర్థం కావడానికి లీదియా తాత దేవదానానికి మూడేండ్లు పట్టింది. అర్థమైనాక ఎవరికీ చెప్పలేదు. ఆయన మామూలుగానే ఎవరికీ ఏదీ చెప్పడు. పలకల గనిలో నలభై ఏండ్లు రాయి చీల్చిన మనిషి. రాతి పొరలో ఉలి పెట్టి, సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వినాల. పొర ఎటు లేస్తుందో శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. మాట్లాడుకుంటా తడితే పొర అడ్డంగా పోతుంది. అట్ల ఆయనకు మాట తగ్గింది. గని మూతబడినాక దగ్గు మిగిలింది గానీ మాట తిరిగి రాలేదు. ఆయన వాటా మాటలు కూడా భార్య విశ్వాసమ్మే మాట్లాడేది.

దేవదానం కొడుకు కృపాకర్ బిడ్డ లీదియా. కృపాకర్ బస్సు కండక్టరు, గిద్దలూరులో కాపురం. పల్లెలో ఎవరన్నా మనవరాలు ఏం చదువుతుందని అడిగితే విశ్వాసమ్మ ఇంగ్లీషు అని చెప్పేది. ఆరేండ్ల నుంచీ అదే చెబుతా ఉంది. పక్కింటి శ్రీశైలమ్మ ఒకరోజు జాలిపడి, "ఇంకా రాలేదా వదినా ఆ పిల్లకు ఇంగ్లీషు? మా పిల్లోడు మూడు నెలల కోర్సుతో మాట్లాడుతున్నాడే" అని అడిగింది. విశ్వాసమ్మ ఆ దినం ఆమెకు మజ్జిగ పోయలేదు.

లీదియా చదివే పుస్తకం సంగతి ఇది. తొంభై ఏండ్ల కింద ఈ పక్కన మిషను బడి నడిపిన అలిస్ అనే దొరసాని ఇంగ్లీషులో ఒక నవల రాసింది. ఆమె బతికి ఉన్నన్నాళ్ళు దాన్ని ఎవరూ చదవలేదు. పోయినాక అసలే చదవలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో చెదపురుగులు సగం చదివినాక, మిగతా సగం రామ్‌ప్రసాద్ సారు కంటబడింది. సారు అక్కడ ఇంగ్లీషు ప్రొఫెసరు, లీదియాకు గైడు. ఊరు కోస్తా. మార్కాపురం ఆయన ఎప్పుడూ చూడలేదు గానీ మార్కాపురం పలక చిన్నప్పుడు పట్టుకున్నాడు. ఆ అనుభవం చాలనుకున్నాడు. నవలలో ఒక పేజీలో పలక అనే తెలుగు మాటను దొరసాని ఇంగ్లీషు అక్షరాలతో అట్లనే రాసింది. ఆ పేజీ మీద సారు మూడు వ్యాసాలు రాసినాడు. ఆ వ్యాసాలతో రెండు ప్రమోషన్లు, మూడు విమాన ప్రయాణాలు, నాలుగు శాలువాలు వచ్చినాయి. పేజీ మాత్రం ఒకటే.

లీదియా ఆ పేజీ మీదనే తన పుస్తకంలో పెద్ద అధ్యాయం రాసింది. రాయక తప్పలేదు, గైడు పొలంలోనే కూలి చేయాల.

వరద తీసినాక ఒక శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల సంచి తగిలించుకొని పల్లెకు వచ్చింది. అన్నం తింటా సంగతి చెప్పింది. పుస్తకాన్ని దిద్దే పెద్ద సారు, వేరే రాష్ట్రం ఆయన, అంతా బాగుందని రాసి, కింద ఒక ముక్క తగిలించినాడు. ఈ పలక విషయం పుస్తకాల్లో చూసి చెప్పిందే గానీ, ఆ ప్రాంతం మనిషి నోటి మాట ఒక్కటీ లేదే, ఒక సాక్షి చేత చెప్పించి కాగితం పంపించండి అని. శుక్రవారం లోపల ఆ కాగితం చేరాల. చేరకపోతే గడువు దాటిపోతుంది. గడువు దాటితే ఆరేండ్ల పుస్తకం చెల్లదు, మళ్ళా మొదట్నుంచి పేరు రాయించుకోవాల. గిద్దలూరులో ఒక కాలేజీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, డాక్టరు కాగితం తెస్తేనే.

సాక్షి ఎవరని విశ్వాసమ్మ అడిగింది.

"తాతే అవ్వా. మా తాత పలకల గనిలో చేసినాడని ఒకసారి సారుకు చెప్పినా. సోమవారం సారే వస్తాడంట, వీడియో తీసుకుంటాడంట."

"మీ తాత మాట్లాడాలంటే సోమవారం చాలదే. ఇంకో పంచవర్ష ప్రణాళిక కావాల."

దేవదానం చేయి కడుక్కొని వచ్చి వరండాలో కూచున్నాడు. ఆ పేజీలో ఏముందో చదవమన్నట్టు గడ్డం ఎత్తినాడు. లీదియా ఇంగ్లీషు చూసుకుంటా తెలుగులో చెప్పింది. యోహాను పలకను భుజానికి తగిలించుకొని వచ్చినాడు. గడ్డి మంట వేసి పలకను ఆ మంటకు కాపినాడు. లావు పుల్ల ఒక చేత, సన్న పుల్ల ఒక చేత పట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా ఆపకుండా కొట్టినాడు. ఊరంతా వచ్చి చూసింది. కడాకు పలక పగిలింది. అప్పటినుంచి యోహాను పలక ముట్టలేదు.

దాని అర్థం కూడా చెప్పింది. సారు కనిపెట్టిన అర్థం. పలక అంటే దొరల చదువు. భుజానికి తగిలించుకోవడమంటే ఆ చదువు మన మీద బరువైంది అని. మంటకు కాపడమంటే కోపం. లావు పుల్ల, సన్న పుల్ల అంటే రెండు బలపాలు, లావుది ఇంగ్లీషు, సన్నది తెలుగు. కొట్టి పగలగొట్టినాడంటే, నీ చదువు నాకొద్దు పో అని దొరసాని మొహానే చెప్పినాడని. పగిలిన పలక అని సారు ఆ సిద్ధాంతానికి పేరు పెట్టినాడు. ఢిల్లీలో కూడా దానికి అదే పేరు.

దేవదానం కింది బండను వేలితో తట్టి చూసినాడు.

"రాతి పలకను మంటకు కాపితే పొరలు లేచి మొహాన కొడుతుంది" అన్నాడు.

"సారు అదే అంటాడు తాతా. ప్రమాదం అని తెలిసి కూడా..."

"అది తోలు పలక."

లోపల గిన్నెలు తోముతా ఉన్న విశ్వాసమ్మ చేయి ఆగింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. వాళ్ళ పెద్దలు మిషనులో కలిసిన దినం దాన్ని ఇడిసిపెట్టినారు. ఇడిసిన వస్తువు పేరు ఇంట్లో ఎత్తగూడదని కట్టు. దేవదానం నాయన ఎత్తలేదు, దేవదానం ఎత్తలేదు. కృపాకర్‌కు తెలియదు. లీదియాకు తెలిసే తోవే లేదు. ఊళ్ళో పలక అంటే రాతిది, సినిమాల్లో డప్పు అంటే తోలుది. రెండూ ఒకప్పుడు ఒకటే పేరుతో ఉండేవని ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

ఆయనే చెప్పినాడు. ఏడాది మాటలు ఒక మధ్యాహ్నం ఖర్చు పెట్టినాడు. మీరు డప్పు అంటారే, మా పక్క దాన్నే పలక అనేవాళ్ళు. చెక్క చట్రానికి తోలు బిగిస్తారు. తోలు చల్లబడితే మోగదు, గడ్డి మంట వేసి కాపాల. కాపితే తోలు బిగుసుకొని కంగుమంటుంది. లావు పుల్లతో కుడిచేత్తో కొట్టాల, సన్న పుల్లను ఎడమచేతి వేళ్ళతో ఆడించాల. భుజానికి తగిలించుకోను వార ఉంటుంది. ఊళ్ళో చావుకు, దేవరకు, దండోరాకు మనోళ్ళే కొట్టాల. వద్దంటే ఊరుకోరు.

"పగిలింది అని రాసింది గదా తాతా" అంది లీదియా.

"ఇంగ్లీషులో తోలు చినిగితే ఏమంటారు?"

లీదియా ఆలోచించింది. ఆరేండ్లలో ఆ పిల్లను ఎవరూ అడగని ప్రశ్న.

"అదే మాట అనొచ్చు" అంది.

"మరి?"

అంతే. ఆరేండ్ల చదువు, మూడు వ్యాసాలు, నాలుగు శాలువాలు ఆ ఒక్క మాటలో పడిపోయినాయి. ఆ యోహాను మీ తాతేనా అని లీదియా అడిగితే, యోహాన్లు పల్లెకు నలుగురుండేవాళ్ళు, ఎవరైతే ఏంది, అందరూ ఇడిసినారు అన్నాడు.

ఆ సాయంత్రమంతా లీదియా ల్యాప్‌టాప్ తెరిచి మూసింది, మూసి తెరిచింది. కడాకు వచ్చి తాత పక్కన కూచొని, సారు ముందర తోలు మాట ఎత్తొద్దని బతిమిలాడుకుంది. అడిగిందానికి ఏదో ఒకటి చెప్పి సంతకం పెడితే చాలు, తన పని అయిపోతుంది, ఆ తర్వాత నిజం నిదానంగా ఎక్కడన్నా రాసుకుంటానని చెప్పింది. దేవదానం తలకాయ ఊపినాడు. మాట్లాడకుండా ఉండటం ఆయనకు బాగా వచ్చిన పని. అనుభవం ఉన్నవాడికే పని అప్పజెప్పింది పిల్ల.

సోమవారం పదకొండుకు తెల్ల కారు వచ్చింది. రామ్‌ప్రసాద్ సారు దిగి, కళ్ళు మూసుకొని గాలి పీల్చి, ఆహా ఈ మట్టి వాసన అన్నాడు. అది మట్టి వాసన కాదు, దొడ్లో మేకల వాసన. ఎవరూ దిద్దలేదు. విశ్వాసమ్మ టీ ఇచ్చింది. సారు గ్లాసును ఫోటో తీసుకొని, తాగకుండా పక్కన పెట్టినాడు. సెల్లును మూడు కాళ్ళ స్టాండుకు తగిలించి, దేవదానం తలపాగా చుట్టుకుంటే బాగుంటుందన్నాడు. ఆయనకు తలపాగా అలవాటు లేదు. లీదియా తువ్వాలు తెచ్చి ఇచ్చింది. గనిలో నలభై ఏండ్లు తువ్వాలు మూతికి కట్టుకున్న మనిషి, ఆ దినం మొదటిసారి తలకు చుట్టుకున్నాడు.

మీకూ పలకకూ ఉన్న అనుబంధం చెప్పండి పెద్దాయనా అని సారు మొదలుపెట్టినాడు.

"చీల్చినా" అన్నాడు దేవదానం.

సారు నోటుపుస్తకంలో చాలా సేపు రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించినాడు కూడా. బండరాతి గర్భంలో నిద్రపోతున్న అక్షరాన్ని తన నెత్తురుతో మేలుకొలిపిన శ్రామికుడు అని ఉంది. ఒక్క మాట నుంచి అంత తీసినాడే అని దేవదానానికి నిజంగానే ఆశ్చర్యమేసింది. గనిలో కూడా అంత చిన్న రాయి నుంచి అన్ని పలకలు ఎవరూ తీయలేదు.

పలకను మంటకు కాపడం మీరు చూసినారా అని అడిగినాడు సారు. లీదియా తల వంచుకుంది.

"చూసినా."

సారు కళ్ళు మెరిసినాయి. రెండు పుల్లలు ఉండేవా?

"ఉండె. ఒకటి లావు, ఒకటి సన్నం."

కొట్టేవాళ్ళా?

"బాగా కొట్టేవాళ్ళు."

పగిలేదా?

"చినిగేది" అనబోయి, మనవరాలి మొహం చూసి, దగ్గినాడు. సారు ఆ దగ్గును కూడా రాసుకున్నాడు. గతం గొంతులో అడ్డుపడింది అని.

అట్ల అరగంట నడిచింది. దేవదానం ఒక్క అబద్ధం చెప్పలేదు. సారు ఒక్క నిజం వినలేదు. ఇద్దరికీ హాయిగానే ఉండె. ఇంకొంచెంలో లీదియా డాక్టరైపోయేది.

అప్పుడు సారు సంచిలో నుంచి టైపు కొట్టిన కాగితం తీసినాడు. ఇది మీరు చెప్పినట్టు తెలుగులో రాయించిన వాంగ్మూలం, ఇక్కడ సంతకం చేయండి అని కలం చేతికిచ్చినాడు. చెప్పక ముందే యూనివర్సిటీలోనే రాయించుకొని వచ్చినాడు. కళ్ళు కనపడకపోతే వేలిముద్ర అయినా సరే, స్టాంపు ప్యాడు తెచ్చినా అని జేబు తట్టినాడు.

ఆ ప్యాడు చూసి దేవదానం కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆయనది మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతాడు. సారు గడియారం చూసుకున్నాడు, కారు చూసుకున్నాడు, మేకలను చూసినాడు. పావుగంటకు నాలుగో వరుస దగ్గర ఆయన వేలు ఆగింది.

"మా పెద్దలు ఇంగ్లీషు చదువును తి... తిరస్... ఇదేంది పాపా?"

"తిరస్కరించి" అంది లీదియా.

"అంటే?"

లీదియా సారును చూసింది, తాతను చూసింది.

"వద్దన్నారు అని, తాతా."

దేవదానం కలం కింద పెట్టినాడు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. విశ్వాసమ్మ ద్వారబంధం దగ్గరకు వచ్చి నిలబడింది. యాభై ఏండ్ల కాపురంలో ఆయన కలం కింద పెట్టడం ఆమె చూడలేదు, ఎత్తితే గదా.

"మా పెద్దలు చదువు వద్దనలేదు సారూ" అన్నాడు. "రానీయలేదు, అంతే. పలక ఇడిసిపెడితే మీ పిల్లలకు పలక ఇస్తామన్నారు మిషనోళ్ళు. తోలుది ఇడిసి రాతిది పట్టుకున్నారు. ఊరోళ్ళు కొట్టినారు, పనికి పిలవలేదు. అయినా మళ్ళా ముట్టలేదు. ఆ చదువు నాకు మూడేండ్లు వచ్చింది, ఈ పిల్లకు ఇంత వచ్చింది. ఆ చదువు పట్టుకొనే, చదువు వద్దన్నారని సంతకం చేయమంటారా?"

సారుకు అర్థం కాలేదు. తోలుది ఏంది అన్నాడు. లీదియా చెప్పింది. తాతకు ఇచ్చిన పని తాతే చెడగొట్టినాక ఇంక దాచేది ఏముంది? మంట, వార, రెండు పుల్లలు, అన్నీ వరుసగా చెప్పింది. చెబుతా ఉంటే ఆ పిల్ల గొంతు పెరిగింది. సారు మొహం మాత్రం తగ్గింది. లేచి సెల్లు ఆపేసినాడు.

"పెద్దాయనా, మీకు తెలియదు. సాహిత్యంలో నిజంగా ఏం జరిగిందనేది ముఖ్యం కాదు. రాసినవాళ్ళు చనిపోయినట్టు లెక్క. అర్థం చదివేవాడిది."

"ఆమె లెక్కకు కాదు సారూ, నిజంగానే చనిపోయింది. సమాధి కంభం పోయే తోవలో ఉంది. మేమే ఇంకా పోలేదు."

సారు లీదియా వైపు తిరిగినాడు. నీకెప్పుడు తెలుసు అన్నాడు. శనివారం నుంచి అంది. తెలిసి నన్ను ఇంతదూరం ఎందుకు రప్పించినావు అన్నాడు. ఆ పిల్ల తల ఎత్తింది.

"తాత చెప్పిందే రాస్తా సార్. ఆ అధ్యాయం మారుస్తా."

నీ అధ్యాయం కింద నా మూడు వ్యాసాలు ఉన్నాయి, అది పీకితే అవి ఏమవుతాయో తెలుసా అని సారు అడిగినాడు. పైకి అడగని ప్రశ్న ఇంకోటుంది, శాలువాలు వెనక్కి అడుగుతారా అని. శుక్రవారం దాకా ఆలోచించుకో అని చెప్పి కారెక్కినాడు. విశ్వాసమ్మ తాగని టీ తీసుకుపోయి మేకల కుడితిలో పోసింది. వాటికి అభ్యంతరం లేదు.

లీదియా ఏడవలేదు. ల్యాప్‌టాప్ ముందర కూచొని నలభై పేజీలు కొట్టేసింది. కొట్టేసినాక కొత్తగా రాయను మొదలుపెట్టింది. మధ్యలో వచ్చి వార తోలుదా తాడుదా అని అడిగేది, గడ్డి ఏ గడ్డి అని అడిగేది. వరిగడ్డి అనేవాడు దేవదానం. పోయి రాసుకునేది. అన్నం పెట్టుకుంటే చల్లారిపోయింది. "ఓమ్మే, తోలును కాపినట్టు ఆ అన్నాన్ని కూడా కొంచెం కాపుకొని తిను" అని విశ్వాసమ్మ అరిచింది. పేరు ఎత్తగూడదన్న కట్టు ఆ ఇంట్లో అట్ల పోయింది. పిల్ల పుస్తకం కోసం పోయింది కాబట్టి ఎవరూ బాధపడలేదు.

సాయంత్రం దీపాలు పెట్టక ముందే సారు ఫోను చేసినాడు. లీదియా స్పీకరు పెట్టింది. మధ్యాహ్నం కారెక్కిన గొంతు కాదు, పాకంలో ముంచి తీసిన గొంతు. తోవలో బాగా ఆలోచించినాడంట. అది వాద్యమని తనకు మొదటి నుంచీ ఒక అనుమానం ఉండనే ఉండెనంట. పగిలిన పలక అనేది తన తొలి దశ అంట, ఇప్పుడు రెండో దశ, కాపిన పలక. పేరు కూడా అప్పుడే పెట్టేసినాడు. వచ్చే నెల సెమినారులో చదువుతాడంట. లీదియా తన అధ్యాయంలో ఆయన వ్యాసాన్ని చూపించి, ఆయన కనిపెట్టినట్టు రాసుకోవచ్చంట. రేపు పదింటికి కొత్త కాగితం తెస్తా, పెద్దాయన్ని ఎక్కడికీ కదలనీయొద్దు అన్నాడు. ఆ కాగితంలో ఏం రాసేదీ చదివి వినిపించినాడు. పలక అనునది తోలు వాద్యమని ప్రొఫెసర్ గారు తమ పరిశోధనలో కనుగొని నన్ను అడగగా, నేను అవునని ఒప్పుకొంటిని. దాని మీద పెద్దాయన సంతకం పడితే, శుక్రవారం లోపల ఆఫీసుకు పోయే కాగితం మీద తన సంతకం పడుతుందంట.

ఫోను పెట్టేసినాక విశ్వాసమ్మ, పోనీలే, తోలని ఒప్పుకున్నాడు గదా అంది.

లీదియా నవ్వింది. నవ్వులో ఏమీ లేదు. "డాక్టరు కాగితం ఎందుకిస్తారో తెలుసా అవ్వా? కొత్త మాట ఒకటి చెప్పినందుకు. ఆ మాట సారుదని రాస్తే నా పుస్తకంలో నాదేముంది? గైడు చెప్పింది కాపీ కొట్టిందని దిద్దే ఆయన తిప్పి పంపుతాడు. సారుది రెండో దశ. నాది మొదటికే మోసం."

దేవదానం రెండు ప్రశ్నలు అడిగినాడు. ఆ సాక్షి కాగితం ఎవరికి చేరాల? పరీక్షల ఆఫీసుకు, అక్కడి నుంచి దిద్దే ఆయనకు పంపుతారు అంది లీదియా. దాని మీద మీ సారు సంతకం ఉండాలనా? లీదియా సెల్లులో ఆ ఉత్తరం తెరిచి మళ్ళా చదివింది. సాక్షి సంతకం అనే ఉంది. గైడు ఊసే లేదు. ఆరేండ్లు ఏ కాగితమైనా గైడు చేతుల మీదనే పోవాలని అలవాటు పడి, ఆ పిల్ల ఆ వరుసను సరిగ్గా చదవనేలేదు.

"అడ్రసు రాసియ్యి" అన్నాడు దేవదానం.

మర్నాడు పొద్దున ఆయన అందరికంటే ముందు లేచి, మొహం కడుక్కొని, లీదియా నోటుపుస్తకంలో ఒక కాగితం చించుకొని వరండాలో కూచున్నాడు. సంతకం తప్ప ఇంకేదీ రాసి అరవై ఏండ్లు దాటింది. ఒత్తుల దగ్గర ఆగినాడు, దీర్ఘాల దగ్గర ఆగినాడు, ఆగినా ఎవరినీ అడగలేదు. ఇట్ల రాసినాడు.

"పలక అంటే తోలుది. రాతిది కాదు. గడ్డి మంటకు కాపేది తోలు పలకనే. మా పెద్దలు దాన్ని ఇడిసింది పిల్లలకు సదువు కావాలని. సదువు వద్దు అనలేదు. ఈ మాట నేను మొదట సెప్పింది నా మనవరాలు లీదియాకు, శనివారం. పొపేసరు సారుకు తెలిసింది సోమవారం. ఇది నిజం. దేవదానం, పలకల గని కూలి."

ఏడు గంటల బస్సెక్కి మార్కాపురంలో దిగి, పోస్టాఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూచున్నాడు. కౌంటర్లో ఉన్న పిల్ల కవరు తూకం వేసి, లోపల ఏముంది తాతా అని అడిగింది. పలక అన్నాడు. ఆ పిల్ల కవరు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, స్పీడు పోస్టు రసీదు చించి ఇచ్చింది. దాని మీద తారీఖు, గంట, నిమిషం అన్నీ ఉన్నాయి. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పది కావస్తా ఉంది. ఇంటి దగ్గరకు తెల్ల కారు వచ్చే టయము. తిరుగు బస్సు స్టాండులోనే ఉంది. దాన్ని పోనిచ్చి, పక్క సందులో మంగలి షాపుకు పోయి బల్ల మీద కూచున్నాడు. ముందర నలుగురున్నారు పెద్దాయనా, చాలా సేపు పడుతుంది అన్నాడు మంగలి. పట్టనీ అన్నాడు దేవదానం.